మూతమీద అరచెయ్యి

మా వాషింగ్ మిషన్ చూడటానికి వచ్చే మెకానిక్, విప్పేముందు మూతమీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. "జర ఆగుండ్రి అన్నా, దాన్ని చెప్పనియ్యుండ్రి" అనేవాడు.

చివరిసారి నా భార్య కొత్తది కొందామన్నా, నేనే పట్టుబట్టి ఆయన్ని పిలిచాను. సీలు మార్చి, "గమ్ము ఆరాలె, రేపటిదాక నడపకుండ్రి" అన్నాడు. డ్యూటీకి చొక్కాలు లేవని నేను సాయంత్రమే నడిపాను. నీళ్ళు దిగి మోటారు కాలింది. ఆయనే చెడగొట్టాడని ఇంట్లోనూ, ఇబ్రహీంపట్నంలో మా వీధంతటా చెప్పాను.

ఆయన మళ్ళీ వచ్చి, మూతమీద చెయ్యి పెట్టి, నావైపు చూశాడు. నా భార్యతో, "ఇగ కొత్తదే కొనుండ్రి అక్కా" అని మాత్రం అన్నాడు. తర్వాత మా వీధిలో ఎవరూ ఆయన్ని పిలవలేదు.

మొన్న ఆయన చనిపోయాడని తెలిసి, నిజం నా భార్యకు చెప్పాను.

"గీ మాట ఆయన ఉన్నప్పుడు చెప్పకపోతివి" అన్నది.