అతికినట్టు సరిపోయిన జాకెట్టు

మొన్న మా అమ్మాయి టీవీ పెడితే, కథానాయకుడు చీర కట్టుకుని సంగీతం టీచరమ్మనంటూ ఆడపిల్లల హాస్టల్లో చేరే ఆ పాత సినిమా వస్తోంది. ఇంట్లో అందరూ పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే నేను లేచి వరండాలోకి వచ్చేశాను.

నా కుర్రతనంలో, ఇనప గనుల ఊరు కిరందుల్ మైదానంలో ఆ సినిమా వరసగా రెండు సాయంత్రాలు వేశారు. తెల్లగుడ్డకి ఇటు మగవాళ్లం, అటు ఆడవాళ్లు కూర్చునే రోజులవి. వాళ్లకి బొమ్మ కుడి ఎడమై కనిపించేది, అయినా అదే అలవాటైపోయింది. మొదటిరోజు చూసొచ్చాక, గనిలో డ్రిల్లు మీద పనిచేస్తూ నా గదిలోనే ఉండే నా స్నేహితుడు, రేపు తానూ చీర కట్టి అటువైపు కూర్చుంటానన్నాడు. నాకూ సరదా వేసింది. చీర కోసం రైల్వే క్వార్టర్స్‌లో మా మావయ్య ఇంటికి వెళ్లి నాటకానికని చెబితే, చిన్నప్పటినుంచీ నాకే ఇస్తారనుకున్న మా మరదలు మారుమాట లేకుండా చీరా జాకెట్టూ మూటకట్టి ఇచ్చింది.

"విప్పీకు బావా, ఇస్త్రీ నలిగిపోద్ది" అని నవ్వింది కూడా.

వాడి వెడల్పాటి భుజాలకి ఆ జాకెట్టు కొలిచి కుట్టినట్టు సరిపోయింది. అప్పటికీ నాకేమీ తట్టలేదు.

రీలు మార్చడానికి లైట్లు వేసినప్పుడు గాలికి గుడ్డ లేచింది. అటువైపు మా మరదలు వాడి పైట సర్దుతూ, సర్దుతూనే వాడి భుజం మీద తల ఆనించింది. నాకు ప్రాణంలాంటి ఇద్దరూ కలిసి, వాళ్ల మూటని నా చేతనే మోయించారని అప్పుడు అర్థమైంది. అంతలో పక్కనున్నావిడ వాణ్ణి గుర్తుపట్టి కేక పెట్టింది. మావయ్య వాణ్ణి మా వైపుకి ఈడ్చుకొచ్చాడు.

"మనింటి చీరే! ఏట్రా ఇది?"

"జాకెట్టు నానే కుట్టినాను నాన్నా. బావే పట్టుకెళ్లాడు, అడుగు" అంది వెనకే వచ్చిన మరదలు, జంకు లేకుండా.

అందరూ నావైపు తిరిగారు.

"నాకేటీ తెలీదు మావయ్యా. దండెం మీంచి దొంగిలించుంటాడు" అన్నాను.

వాడు "అదేట్రా..." అంటూ నా మొహంలోకి చూశాడు.

వాణ్ణి చావబాది మర్నాడు పాసింజరు ఎక్కించేశారు. మరదలి మాట ఎవరూ నమ్మలేదు. నన్ను మాత్రం చేసుకోనని మొండికేసి, చివరికి జగదల్‌పూర్ సంబంధానికి తలవంచింది. ఆనాటి పెద్దవాళ్లు ఇప్పటికీ వాణ్ణి ఆడవాళ్లలో దూరిన దొంగనే అంటారు. వాడు దొంగ కాదు. ఇచ్చింది ఆమె, తెచ్చింది నేను. నన్ను మోసం చేశారన్న మంట నాలో ఇంకా చల్లారలేదు, అయినా ఆ అబద్ధం నాదే.

ఇప్పుడు సాయంత్రాలు టౌన్‌షిప్ పార్కులో కుర్రాళ్లూ అమ్మాయిలూ ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే ఫోనులో సినిమా చూస్తుంటారు, దారిన పోయే పెద్దలు తల తిప్పి కూడా చూడరు. ఆ ఇద్దరూ ఆనాడు కోరుకున్నది ఇంతే.