మరిగించాక కలిపిన ఖర్జూరం

సౌదీలో జుబైల్‌కు కొంచెం ఎడంగా ఉన్న ఒక మాల్టు పానీయాల ఫ్యాక్టరీలో నేను క్వాలిటీ కంట్రోల్ ఇన్‌చార్జిగా చేరింది కోవిడ్‌కు మూడేళ్ల ముందు, ఒక మార్చి నెలలో. అంతకుముందు నా సర్వీసంతా సంగారెడ్డి వైపు ఒక బీరు ఫ్యాక్టరీ ల్యాబులో గడిచింది. బీరు చెయ్యడం నేర్చుకున్నవాడు బీరు నిషేధమున్న దేశానికి ఉద్యోగానికి పోవడమేమిటని మా బావమరిది విమానాశ్రయం దాకా ఏడిపిస్తూనే వచ్చాడు. నేను కూడా నవ్వాను గాని, వెళ్లాక చూస్తే అక్కడ నాబోటివాడి అవసరమే ఎక్కువ.

ఈ పానీయం గురించి రెండు మాటలు చెప్పాలి. బార్లీని మొలకెత్తించి ఎండబెడితే అది మాల్టు. దాన్ని వేడినీళ్లలో నానబెట్టి తియ్యటి కషాయం తీస్తారు. ఆ కషాయాన్ని హాప్స్ అనే చేదు పువ్వులతో మరిగిస్తారు. ఇంతవరకు బీరు దారీ మా దారీ ఒకటే. ఇక్కడినుంచి బీరు చేసేవాడు అందులో ఈస్టు వేసి పులియబెడతాడు. మేము ఈస్టు పేరెత్తితేనే తలుపులు మూసుకుంటాం. కషాయాన్ని చల్లార్చి, వడగట్టి, గ్యాసు పట్టించి, సీసాల్లో నింపాక సీసాతో సహా వేడిచేసి బయటికి పంపుతాం. రంగు ఉంటుంది, నురగ ఉంటుంది, ఆల్కహాలు ఉండదు. సంగారెడ్డిలో ఈస్టుకు దాదిగా పనిచేసిన నేను, జుబైల్‌లో దానికి కాపలా పోలీసునయ్యాను. ప్రతి ట్యాంకునూ సీసాలకెక్కించే ముందు మా ల్యాబు ఆల్కహాలు పరీక్ష చెయ్యాలి. రిలీజ్ స్లిప్పు మీద నా సంతకం లేనిదే వాల్వు తెరవడానికి వీల్లేదు. ఆ విషయంలో జనరల్ మేనేజరు కూడా నా మాట కాదనలేడు.

మా ఆవిడ ఖమ్మంలో ప్రభుత్వ టీచరు. సర్వీసు వదులుకుని రాలేదు, రమ్మని నేనూ అడగలేదు. కంపెనీ కాంపౌండులో నాకొక గది, కిటికీకి అవతల ఒక గోడ, గోడకు అవతల చమురు కర్మాగారాల గొట్టాల మీద వెలిగే ఫ్లేర్ మంటలు కనిపించే ఆకాశం. పని రోజులు ఎలాగో గడిచిపోయేవి. శుక్రవారాలు గడిచేవి కావు. దుకాణాలు మూసి ఉండేవి, మెస్సులో మాటలుండేవి కావు. ఇంటికి ఫోను చేస్తే ఏం తిన్నారని ఆవిడ అడిగేది, తిన్నదేదో చెప్పి పెట్టేసేవాణ్ని. మనిషికి ఇంత ఖాళీ ఉంటుందని నాకు అంతకుముందు తెలియదు.

రెండో ఏడు మాకు బ్రూమాస్టరుగా గారెత్ వచ్చాడు. కషాయం తయారీకంతటికీ అధిపతి బ్రూమాస్టరే. అరవైకి దగ్గరపడిన మనిషి, పొడుగ్గా, కొంచెం గూనిగా ఉండేవాడు. వేల్స్‌లో కొండల మధ్య చిన్న ఊరు వాళ్లది. భార్య పోయింది, పిల్లల్లేరు. ఆయనకున్నదల్లా ఆ ఊరి పబ్. పబ్ అనగానే హైదరాబాద్ వాళ్లకు చెవులు చిల్లులుపడే సంగీతం గుర్తొస్తుంది. గారెత్ చెప్పే పబ్‌లో సంగీతం పెట్టెలే లేవు. తక్కువ ఎత్తు కప్పు, చలిమంట, తడిసిన కుక్క, ఒకే కుర్చీలో ముప్పై ఏళ్లుగా కూర్చుంటున్న ఒక పెద్దమనిషి. నడిపేది మేగన్ అనే ఆవిడ. గారెత్ ఏ ఊళ్లో ఉద్యోగం చేసినా, సెలవులో వచ్చి ఆవిడ నేలమాళిగలో పీపాలు చూసుకునేవాడు.

ఆ పీపాల్లో ఉండేదాన్ని రియల్ ఏల్ అంటారు. మన దగ్గర దొరికే బీరును వడగట్టి, ఈస్టును చంపి, గ్యాసు పట్టించి అమ్ముతారు. రియల్ ఏల్‌ను అలా చెయ్యరు. ఈస్టు బతికుండగానే పీపాలో పోస్తారు, అది పీపాలోనే పండుతుంది, బయటి గ్యాసు లేకుండా చేతిపంపుతో లాగి గ్లాసులో పోస్తారు. పుస్తకాల్లో చదివానే తప్ప నేనెన్నడూ రుచి చూడలేదు. గారెత్ నోరారా చెబుతుంటే మాత్రం ఆకలేసేది. ప్రతి ఆగస్టులో ఆ పబ్ వెనక గడ్డిలో డేరా వేసి బీర్ ఫెస్టివల్ చేస్తారట. చుట్టుపక్కల చిన్న బ్రూవరీలు తలా ఒక పీపా పంపిస్తాయట. వాన పడటం ఖాయం, జనం రావడమూ ఖాయం. తొలి పీపాకు కొళాయి దిగ్గొట్టడం గారెత్ వంతు. చెక్క సుత్తితో ఒకటే దెబ్బ. చెయ్యి వణికితే ఏల్ ఎగజిమ్మి ముందు వరుసంతా తడుస్తుంది. పద్నాలుగేళ్లుగా ఎవరూ తడవలేదని చెప్పేటప్పుడు మాత్రం ఆయన గూని తగ్గేది.

ఆయన వచ్చాక నా శుక్రవారాలకు ఒక పని దొరికింది. మధ్యాహ్నం మెస్సులో ఒక మూల బల్ల మీద మా ఫ్యాక్టరీ పానీయాలూ, సూపర్‌మార్కెట్లో దొరికే ఇతర కంపెనీలవీ వరసగా పెట్టేవాడు. వాటికి తనే పేర్లు పెట్టేవాడు. ఒకదాని పేరు తడిసిన గొర్రె, ఇంకొకటి మేగన్ కోపం. గ్లాసును వెలుతురుకెత్తి చూడాలి, ముందు వాసన చూడాలి, రెండో గుక్కను నమ్మాలి గాని మొదటి గుక్కను నమ్మకూడదు. నా ల్యాబు టెక్నీషియన్ సాయన్న కూడా వచ్చి కూర్చునేవాడు. అతనిది నిజామాబాద్ జిల్లా. ఎనిమిది రకాలు తాగి, మూతి తుడుచుకుని, “సార్, ఎన్ని తాగినా కిక్కస్తలేదు గదా, గీ పండుగెందుకు?” అని అడిగేవాడు. నేను ఇంగ్లీషులో చెబితే గారెత్ బల్ల కొట్టి నవ్వేవాడు. నిజానికి మేము ముగ్గురం కిక్కు కోసం రాలేదు. మెస్సులో ఒంటరిగా తినలేక వచ్చేవాళ్లం.

ఆ జూన్‌లో మేగన్ ఫోను చేసింది. వయసైపోయింది, పబ్ అమ్మేస్తున్నాను, కొన్నవాళ్లు దాన్ని ఇళ్లుగా మారుస్తారట, ఈ ఆగస్టుదే ఆఖరి ఫెస్టివల్ అని చెప్పింది. గారెత్ ఆ మర్నాడే సెలవు పెట్టాడు. సౌదీలో సెలవు దొరికితే సరిపోదు. దేశం దాటి మళ్లీ రావాలంటే ఎగ్జిట్ రీఎంట్రీ అనే అనుమతి వీసా కావాలి, అది కంపెనీయే తీయాలి. మాకొక లోపలి నియమం కూడా ఉండేది. ఏ ట్యాంకు మీదనైనా ఆల్కహాలు కేసు పడితే, విచారణ ముగిసేదాకా ఆ ట్యాంకుతో సంబంధమున్న ఎవరికీ ఎగ్జిట్ తీయరు. ఆయనకు ఎగ్జిట్ వచ్చింది, టికెట్టూ వచ్చింది. వెళ్లే ముందు ఒక కొత్త రకం పూర్తిచేయాలి, అంతే.

ఆ కొత్త రకం ఖర్జూరం మాల్టు. ఖర్జూర పాకాన్ని కషాయంతోపాటు మరిగిస్తే తీపి మిగిలింది గాని పరిమళం ఎగిరిపోయింది. గారెత్‌కు నచ్చలేదు. వాళ్ల పబ్‌లో ఏల్‌కు పరిమళం కావాలంటే, మరిగించడం అయిపోయాక, చల్లారిన పీపాలోనే గుప్పెడు హాప్స్ వేస్తారు. అదే పద్ధతిలో పాకాన్ని చల్లటి ట్యాంకులో కలపమన్నాడు. పాకం సప్లయరు దాన్ని వేడిచేసే పంపానని కాగితం ఇచ్చాడు, నేనూ చూశాను. హాప్స్ సూక్ష్మజీవుల్ని అణిచే పువ్వు. ఖర్జూరం అలా కాదు, దాని తోలు మీదే ఈస్టు కాపురముంటుంది. వేడి సరిగా తగలని డబ్బా ఒక్కటి ఉన్నా చాలు. పబ్‌లో అయితే ఈస్టు ఎలాగూ ఉంటుంది, ఇంకొంచెం చేరితే నష్టం లేదు. ముప్పై ఏళ్లు ఈస్టును స్నేహితుడిగా చూసినవాడికి మా ఫ్యాక్టరీలో అది దొంగ అని ఆ ఒక్క క్షణం తట్టలేదు. దానికి తోడు జులై వేడికి వారాంతంలో ట్యాంకును చల్లగా ఉంచే చిల్లరు యంత్రం ఆగిపోయి, ట్యాంకు వెచ్చబడింది.

ఆదివారం పొద్దున సాయన్న శాంపిల్ సీసా పట్టుకుని నా గదికి వచ్చాడు. “సార్, జర గిది సూడుండ్రి. మా ఊర్ల పొద్దుగాల దింపిన ఈతకల్లు లెక్క వాసనొస్తుంది” అన్నాడు. మూత తీసి వాసన చూశాను. అనుమానం అక్కర్లేదు. పరీక్ష చేశాం, మళ్లీ చేశాం. ట్యాంకు మొత్తం పులుస్తోంది. నేను ట్యాంకును ఆపమనే హోల్డ్ ట్యాగ్ రాసి వాల్వుకు సీలు వేయించి, గారెత్‌ను పిలిచాను. ఆయన సీసా ముక్కు దగ్గర పెట్టుకుని రెండుసార్లు వాసన చూశాడు. తర్వాత సీసా నాకిచ్చేసి, మేగన్ నేలమాళిగ మెట్లు దిగుతుంటే ఇదే వాసన అన్నాడు.

ప్రొడక్షన్ మేనేజరు తలుపు వేసి నాతో మాట్లాడాడు. కషాయం పుల్లబడింది, సూక్ష్మజీవులతో పాడైంది అని రాస్తే సాధారణ నష్టం కింద పోతుంది, మన డ్రెయిన్లోనే వదిలేయొచ్చు, బయటి ఇన్‌స్పెక్టరు రానక్కర్లేదు, పాపం పెద్దాయన విమానమెక్కుతాడు అన్నాడు. అది పూర్తి అబద్ధం కూడా కాదు. సూక్ష్మజీవులు ఉన్నాయి, పాడూ అయింది. ఆల్కహాలు అనే ఒక్క మాట రాయకపోతే చాలు. నాకు గారెత్ మీద ఉన్న ప్రేమకు ఆ మాట మింగడం కష్టమేమీ కాదు. అయితే నేను మింగితే, రేపు ఎవడైనా తవ్వినప్పుడు సీసా మోసుకొచ్చిన, పరీక్ష పుస్తకంలో పేరున్న సాయన్న మెడకు చుట్టుకుంటుంది. జైలు, ఆ తర్వాత మళ్లీ రానివ్వకుండా దేశం దాటించే ఫైనల్ ఎగ్జిట్. అతని ఇంట్లో తినే నోళ్లు నాకు తెలుసు.

ఆ సాయంత్రం గారెత్ గదికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. సగం సర్దిన పెట్టె మంచం మీద ఉంది. పరీక్ష మిషన్ ఏం చెప్పిందో అది రాయమన్నాడు. పీపా పాడైతే పాడైందని చెప్పడం పీపాలు చూసుకునేవాడి మొదటి పని, దాన్ని దాచి గ్లాసులో పోసేవాణ్ని మేగన్ గడప తొక్కనివ్వదు అన్నాడు. నేను రాసి సంతకం చేశాను. మర్నాటికి ఆయన ఎగ్జిట్ రద్దయింది.

ఇన్‌స్పెక్టరు సమక్షంలో ట్యాంకు ఖాళీ చేశారు. బాధ్యుడు కాబట్టి గారెత్ అక్కడ ఉండి తీరాలి. చేతులు వెనక్కి కట్టుకుని డ్రెయిన్ పక్కన నిలబడ్డాడు. మా కాళ్ల పక్కనుంచి గోధుమరంగు నురగ పారుతూ పోయింది. సౌదీలో తయారైన రియల్ ఏల్ ఇదొక్కటేనేమో, దీని రుచి ఎలా ఉందో ఎవరికీ తెలియకుండా పోతోందని తర్వాత నాతో అన్నాడు. నవ్వే అన్నాడు గాని, నేను ఆయన ముఖం చూడలేకపోయాను.

విచారణ ముగియలేదు, ఫెస్టివల్ రోజు వచ్చింది. వాళ్లకు మిట్టమధ్యాహ్నం, మాకు మధ్యాహ్నం రెండు గంటలు. మెస్సులో మా బల్ల మీద ఎప్పటిలాగే సీసాలు పెట్టి, ఫోను స్పీకర్లో వేశాడు గారెత్. అవతల డేరా మీద వాన చప్పుడు వినిపిస్తోంది. ఈసారి సుత్తి మేగనే పట్టుకుందట. కొళాయి నిటారుగా పెట్టు, మణికట్టు బిగించకు, పీపాను చూడు గాని సుత్తిని చూడకు, ఒకటే దెబ్బ, భయపడకు అని ఈయన ఇక్కడ చెయ్యి గాల్లో ఆడిస్తూ చెబుతున్నాడు. ఠంగుమని ఒక దెబ్బ. వెంటనే జనం కేక. ఎవరూ తడవలేదని మేగన్ అరిచి చెప్పింది. అక్కడ అందరూ గారెత్ పేరెత్తి గ్లాసులు ఎత్తారు. ఇక్కడ మేమూ ఎత్తాం.

అప్పుడు ఆవిడను ఎవరో పిలిచారు. ఫోనును పీపా మీదో బల్ల మీదో పెట్టి, వస్తానని వెళ్లింది. రాలేదు. పాపం ఆవిడ తప్పేముంది, ఆఖరి పండగ, చేతి నిండా పని. ఫోను మాత్రం తెగలేదు. గ్లాసులు తగిలే చప్పుడు, ఎవరిదో దగ్గు, కుక్క మొరుగు, ఎవరో ఎవరినో ఇంకొకటి తాగుతావా అని అడగడం, అన్నీ మా బల్ల మీద వినిపిస్తున్నాయి. ఎవరూ గారెత్‌తో మాట్లాడటంలేదు. ఆయన కూడా పిలవలేదు. “ఫోను పెట్టేస్తడా సార్?” అని సాయన్న నా చెవిలో అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. కొంతసేపటికి అక్కడ వాళ్ల భాషలో పాట మొదలైంది. గారెత్ గొంతు రాలేదు, పెదవులు కదిలాయి. పాట సగంలో లైను దానంతటదే తెగిపోయింది. ఆయన ఫోను బోర్లించి, మా గ్లాసులు నింపి, రెండో గుక్కను నమ్మండి అన్నాడు. మేము తాగాం. అంత దిగులుతో నేను ఏ విందులోనూ కూర్చోలేదు. అయినా అక్కడినుంచి లేవాలనిపించలేదు.

శరదృతువులో విచారణ ముగిసింది. తప్పు పాకం సప్లయరుదని తేలింది. అప్పటికి పబ్ తలుపులకు అడ్డంగా చెక్క పలకలు కొట్టేశారు. గారెత్ ఎగ్జిట్ తీసుకోలేదు. కాంట్రాక్టు పూర్తయ్యేదాకా ఉండి, ఇంకో దేశానికి ఉద్యోగానికి వెళ్లిపోయాడు.

ఈ ఉదంతం నేర్పినదాన్ని సగం మా ప్రొసీజర్లో రాశాం. మరిగించిన తర్వాత, ఎవరు హామీ ఇచ్చినా, దేన్నీ కలపకూడదు. మిగతా సగం ఏ మాన్యువల్లోనూ పట్టదు. నిజం రాసేవాడు ఒకడు, దానివల్ల పోగొట్టుకునేవాడు ఇంకొకడు. నేను రాసింది సరైనదే, ఈరోజైనా అదే రాస్తాను. అయితే సంతకంతో నా పని అయిపోయిందని ఆ తర్వాత ఎప్పుడూ అనుకోలేదు. రిటైరయ్యేదాకా ఏ హోల్డ్ రిపోర్టు మీద సంతకం పెట్టినా, అది ఎవరికి తగిలిందో ఆ మనిషి పక్కన మెస్సులో కంచం పెట్టుకుని కూర్చున్నాను. కొందరు నాతో మాట్లాడలేదు. నేను భోజనం పూర్తిచేసే లేచాను.