చూద్దాం టీచరూ రెండు ఎండుబంతులూ

ఆడపడుచు అర్ధమొగుడు అంటారు. ఆ లెక్కన మా వదిన మీద నాకు సగం అధికారం ఉండాలి. ఇన్నేళ్లలో అది ఒక్కసారీ పనిచేయలేదు. ఆవిడేమీ గయ్యాళి కాదు. నేను ఏదైనా గట్టిగా చెప్పగానే కళ్లు పెద్దవి చేసి, "అలాగా? నీకెలా తెలిసింది?" అని అడుగుతుంది. అది వెటకారమైతే నేనూ నాలుగు తగిలించగలను. నిజంగా తెలుసుకోవాలని అడిగే మనిషిని ఏం చేయాలి?

కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో ఒకనాడు అన్నయ్య కూరలో ఉప్పు ఎక్కువైందన్నాడు. పిల్ల బిక్కమొహం వేస్తుందని మేమంతా చూస్తున్నాం. ఆవిడ "ఎంత ఎక్కువైంది?" అని అడిగి, కూరను చిన్న చిన్న గిన్నెల్లోకి తీసి, ఒక్కోదాంట్లో ఒక్కో కొలతలో నీళ్లు కలిపి, అన్నీ అతని చేత రుచి చూపించింది. ఈలోగా కంచంలో భోజనం చల్లారిపోయింది. ఆ తర్వాత అన్నయ్య ఉప్పు మాట ఎత్తలేదు. వానలకు వెనకగది తలుపు పట్టేస్తోంది, వడ్రంగిని పిలవమంటే, ఎంత వానకు ఎంత ఉబ్బుతుందో తెలియాలని గుమ్మానికి పెన్సిలుతో గీతలు పెట్టింది. గీతలు ఇప్పటికీ ఉన్నాయి. తలుపు ఇప్పటికీ పట్టేస్తూనే ఉంది.

పెళ్లికి ముందు నుంచీ సైన్సు టీచరుగా చేసేది. మా నాన్న మంచాన పడ్డాక మానేసింది. మానేయమని ఎవరూ అనలేదు. అనకుండానే ఆ చాకిరీ ఆవిడ నెత్తిన పడింది. చూడవచ్చిన వాళ్లంతా నాన్నతో "రేపో మాపో లేచి తిరుగుతారు" అనేవారు. నాన్న మొహం గోడకేసి తిప్పుకునేవాడు. ఒకరోజు వదిననే అడిగాడు, "నేను మళ్లీ నడుస్తానంటావా అమ్మా?" అని. నేనైతే 'తప్పకుండా' అనేదాన్ని. వదిన ఆయన కాలి బొటనవేలు పట్టుకుని, "తెలీదు మామయ్యా. రోజూ ఈ వేలు కదిలించాలని ప్రయత్నం చేస్తూ ఉండండి. చూద్దాం" అంది. అప్పట్నుంచి ఆవిడ చెబితే తప్ప ఆయన మందు మింగలేదు. నాన్న నడవలేదు. కానీ ఆ వేలు కదిలింది. కదిలిన రోజున మామా కోడలూ కలిసి ఇల్లు పీకి పందిరేశారు.

ఆయన పోయాక ఇంట్లో ఆవిడకు ఏమీ తోచకుండా పోయింది. మా బడిలో సైన్సు టీచరు ఖాళీ వస్తే పెద్దమేడమ్‌కు నేనే చెప్పి పెట్టించాను, ప్రస్తుతానికి తాత్కాలికంగా. నేను భాష చెబుతాను. మా రెండు తరగతులకూ మధ్య చెక్క అడ్డు మాత్రమే ఉంది. ఇటు నేను పద్యం ఎత్తుకుంటే అటు పిల్లలు గొంతెత్తి ఏదో లెక్కపెడుతూ ఉంటారు. బడిలో చేరి ఎన్నాళ్లో కాకుండానే వదినకు పేరు పడిపోయింది: చూద్దాం టీచరు. ఎవరేం అడిగినా ఆవిడ జవాబు తెలిస్తే చెబుతుంది, తెలియకపోతే "నాకు తెలీదు" అంటుంది. వెంటనే తరగతి మొత్తం "చూద్దాం!" అని అరుస్తుంది. ఆ అరుపుకు నా బల్ల మీద సుద్దముక్కలు దొర్లుతాయి.

ఆ తరగతిలో ఒక పిల్ల ఉంది. దర్జీ కూతురు. ఆ పిల్ల నోట్లోంచి వచ్చే ప్రతి ప్రశ్నా "అయితే" అనే మొదలవుతుంది కాబట్టి అందరూ 'అయితే' అనే పిలుస్తారు. ఇంట్లో కూడా అదే ధోరణి. వాళ్ల నాన్న మిషను తొక్కుతుంటే పక్కన నిలబడి, సూదికి కన్ను కిందెందుకు ఉంది, పైనెందుకు లేదు అని ప్రాణం తీస్తుందట. ఒకసారి ఆయన విసిగిపోయి "మీ టీచర్నడుగు" అంటే, "మా టీచరు తనకీ తెలీదంది నాన్నా" అని గర్వంగా చెప్పింది. దర్జీకి ఒళ్లు మండింది. టీచరుకే తెలియకపోతే పిల్లల్ని బడికి పంపడం దేనికని పెద్దమేడమ్‌కు రాసి ఇచ్చాడు.

పెద్దమేడమ్ చెడ్డమనిషి కాదు. తల్లిదండ్రులంటే భయం, అంతే. వదినతోపాటు నన్నూ పిలిపించింది, పెట్టించిన పాపానికి.

"తల్లిదండ్రుల సమావేశం వస్తోంది. మీ తరగతి వాళ్లకి ఏదైనా బాగా కుదిరేది చేసి చూపించాలి. బాగుంటే ఈ ఉద్యోగం మీకే ఖాయం చేస్తాను," అంది వదినతో. "కానీ ఆ రోజు మీ నోట్లోంచి 'నాకు తెలీదు' అనే మాట రాకూడదు. వస్తే తరగతి లెక్కల మాస్టారికి ఇచ్చేసి మిమ్మల్ని లైబ్రరీలో కూర్చోబెడతాను. తర్వాత నన్ననుకోవద్దు."

బయటికొచ్చాక వదిన తన తరగతికేసి చూసింది. "నాకు ఆ పిల్లలు కావాలమ్మా," అంది నాతో. ఏదైనా కావాలని ఆవిడ నోరు తెరిచి అనడం నేను అప్పుడే విన్నాను.

కుదిరే సంగతి ఆవిడ దగ్గర ఉండనే ఉంది. మొక్కల నర్సరీలో పనిచేసే పాత స్నేహితురాలు రెండు ఎడారి మొక్కలు ఇచ్చింది. మొక్కలంటే మొక్కల్లా లేవు. గుప్పెడంత ఎండుబంతులు, గోధుమరంగువి, ముట్టుకుంటే గరగరమంటాయి. ఎడారిలో వాన లేకపోతే ఈ మొక్క కొమ్మలన్నీ లోపలికి ముడుచుకుని ఇలా బంతి అయిపోతుందట. ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటుందట. నీళ్లు తగిలితే విచ్చుకుని మళ్లీ పచ్చబడుతుందట. పిల్లలు వాటిని తూచారు, వాసన చూశారు, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. ఒకదాన్ని నీళ్ల పళ్లెంలో పెడితే మెల్లమెల్లగా విచ్చుకుంది. నేను కూడా పద్యం మధ్యలో ఆపి, చెక్కల సందులోంచి చూశాను. అబద్ధమెందుకు, ఒళ్లు జలదరించింది.

"ప్రాణం వచ్చింది!" అన్నారు పిల్లలు.

"అయితే టీచర్," అంది అయితే, "చచ్చిపోయిన మొక్కకి నీళ్లు పోస్తే విచ్చుకోదా?"

వదిన మొహం వెలిగిపోయింది. ఆ ప్రశ్న తనకు తట్టలేదని ఆవిడకు ఎంత సంతోషమో! "నాకు తెలీదు," అంది.

అడ్డుగోడ అదిరింది.

ఒకదాన్ని చంపి చూడాలి మరి. పిల్లలు కొందరు వద్దని ఏడుపు మొహాలు పెట్టారు. చంపకుండా తెలుసుకునే దారి ఎవరికైనా తోస్తే చెప్పమంది వదిన. ఎవరికీ తోచలేదు. ఆ సాయంత్రం ఆవిడ ఒక బంతిని మా ఇంటి పాలగిన్నెలో వేసి ఉడకబెట్టింది. "గడ్డి ఉడకబెట్టే కోడలుందని నా తల్లి కాలంలో కూడా వినలేదు," అని అమ్మ గొణిగింది. ఉడికినదాన్నీ, తరగతిలో విచ్చుకున్నదాన్నీ మేడమీద ఆరబెడితే రెండూ ముడుచుకుని మళ్లీ బంతులయ్యాయి. చచ్చినదానికి ఎర్రదారం కట్టింది వదిన. సమావేశం నాడు అందరి ముందూ రెంటినీ నీళ్లలో పెట్టాలి. అందాకా పిల్లలెవరూ ఆగలేకపోయారు. నిజం చెప్పాలంటే నేనూ ఆగలేకపోయాను.

సమావేశం రోజు పొద్దున్న వదిన వంటింట్లో కేక పెట్టింది.

అమ్మకు ఒక అలవాటుంది. చోటు లేని వస్తువు కనబడితే దానికి చోటు చూపిస్తుంది. అలమరలో ఉన్న రెండు బంతులూ ఆవిడ కంటికి గిన్నెలు తోముకునే కొత్త పీచుల్లా కనిపించాయి. రెండింటినీ తీసుకెళ్లి తొట్టి పక్కన బుట్టలో పడేసింది.

"అత్తయ్యా, దారం ఏదీ?"

"దారముంటే గిన్నె చెవులకి చుట్టుకోదూ? తీసి పారేశాను. ఇంకా వాడలేదులే, ఎందుకలా అరుస్తావు?"

రెండూ ఒక్కలా ఉన్నాయి. వదిన వెలుతురులో తిప్పి తిప్పి చూసింది, వాసన చూసింది, నన్నూ చూడమంది. కవల పిల్లల్లా ఉన్నాయి. ఇంక టైము లేదు. రెంటినీ సంచిలో వేసుకుని బడికి నడిచాం. దారి పొడుగునా నేను ఒకటే పోరు పెట్టాను. "ఎవరైనా అడిగితే ఏదో ఒకటి చూపించి ఇదే బతికుందని చెప్పు వదినా. నిజమయ్యే అవకాశం సగం సగం కదా. తప్పయినా పచ్చబడటానికి ఇంకా రోజులు పడతాయి. అప్పటికి ఎవరికి గుర్తుంటుంది?" ఆవిడ సంచి గుండెలకు అదుముకుని నడుస్తూనే ఉంది.

సైన్సు గది కిటకిటలాడింది. తల్లిదండ్రులు పిల్లల బల్లల్లో మోకాళ్లు ఇరికించుకుని కూర్చున్నారు. వదిన రెండు గాజు పళ్లేల్లో నీళ్లు పోసి బంతులు పెట్టింది. పిల్లలు వంతులవారీగా లేచి ఎడారి గురించి, వాన గురించి, తూకాల గురించి చెబుతూ పోయారు. పెద్దవాళ్ల కళ్లు మాత్రం పళ్లేల మీదే. ముందు ఒక కొమ్మ కదిలింది. తర్వాత రెండో పళ్లెంలోనూ కదిలింది. కాసేపటికి రెండూ అరచేతుల్లా విచ్చుకున్నాయి. చప్పట్లు మోగిపోయాయి.

"చూశారా, ఎండిన మొక్కకి ప్రాణం ఎలా వచ్చిందో!" అంది పెద్దమేడమ్ పొంగిపోతూ.

"రెండింటికీ రాలేదు మేడమ్," అంది వదిన. "ఒకదాన్ని ముందే ఉడకబెట్టి చంపేశాను. చచ్చినది కూడా విచ్చుకుంటుందా అని మా పిల్లలడిగారు. విచ్చుకుంటుందని ఇవాళ తెలిసింది. తడిస్తే కాగితం ఉబ్బినట్టు దాని కొమ్మలూ ఉబ్బుతాయి. అంటే విచ్చుకోవడం వేరు, బతకడం వేరు."

వెనక వరసలోంచి దర్జీ లేచాడు. మెడలో కొలతల టేపు అలాగే ఉంది. "మరి వీటిలో బతికున్నది ఏదండీ?"

నేను కిటికీ పక్కన నిలబడి వదినకు ఎడమ పళ్లెం చూపిస్తూ కళ్లతో సైగ చేశాను. పెద్దమేడమ్ నవ్వుతూ ఎదురుచూస్తోంది. వదిన నన్ను చూసింది, పెద్దమేడమ్‌ను చూసింది, చివరికి పిల్లలకేసి చూసింది.

"ఒకదానికి గుర్తు కట్టానండీ. మా ఇంట్లో అది ఊడిపోయింది," అంది. "ఇప్పుడు ఏది బతికుందో నాకు తెలీదు."

"చూద్దాం!" అని గది కప్పు లేచిపోయేలా అరిచారు పిల్లలు. పెద్దమేడమ్ మొహంలో నవ్వు ఆరిపోయింది.

అన్నమాట ప్రకారం మర్నాడే తరగతి లెక్కల మాస్టారికి వెళ్లిపోయింది. వదిన తన పళ్లేలు రెండూ పట్టుకుని లైబ్రరీలోకి మారింది. ఇంటికొచ్చాక వెనకగదిలో కూర్చుని ఏడ్చింది. నాన్న పోయినప్పుడు కూడా అంతలా ఏడవలేదు. అమ్మ తలుపు దగ్గర నిలబడి, "నా చేతులు పడిపోను," అని తనను తాను తిట్టుకుంటోంది. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియక ముందు వదిన మీదే అరిచాను. "ఒక్క అబద్ధం! పావలా ఎత్తు అబద్ధం చెబితే నీ సొమ్మేం పోయింది?"

"పిల్లలు నమ్మేసేవాళ్లు," అంది ఆవిడ ముక్కు తుడుచుకుంటూ. "అదే పోయేది."

మేము అనుకోనిది ఒకటి జరిగింది. ఎవరికి గుర్తుంటుందని నేనన్నానా, ఊరందరికీ గుర్తుంది. పిల్లల్ని దింపడానికి వచ్చిన తల్లులు లైబ్రరీ కిటికీ దగ్గర ఆగి "ఏమైనా తేలిందా?" అని అడగడం మొదలుపెట్టారు. దర్జీ కొట్టుకు వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి కిటికీ ఊచల్లోంచి తల దూర్చేవాడు. కుడిదే బతికుందని ఆయన వాదన. ఎడమదని పాలవాడి వాదన. ఇద్దరికీ మాటా మాటా పెరిగి పాలు విరిగిపోయేవి. పెద్దమేడమ్ మాత్రం అటు తొంగిచూడలేదు.

ఒక ఉదయం పిల్లలు లైబ్రరీలో పెట్టిన కేకలకు బడంతా పరిగెత్తుకొచ్చింది. ఎడమ పళ్లెంలో మొక్క నడిమధ్య పచ్చదనం కనిపిస్తోంది. సందేహం లేని పచ్చ. కుడిది బూజు పట్టి మెత్తబడింది. అల్లరికి తిట్టడానికి వచ్చిన పెద్దమేడమ్ కూడా పళ్లెం మీదకు వంగి, తిట్టాల్సిన సంగతి మరిచిపోయి చూసింది. వదిన సంతోషం చెప్పనలవి కాదు. కానీ గంట కొట్టగానే పిల్లలు లెక్కల మాస్టారి దగ్గరికి వెళ్లిపోయారు. ఆవిడ ఖాళీ లైబ్రరీలో ఉండిపోయింది.

ఆ తర్వాత కొన్నాళ్లకు నేను పెద్దమేడమ్ గదిలో ప్రశ్నపత్రాలు సరిచూస్తుంటే దర్జీ లోపలికి వచ్చాడు.

"మేడమ్, మా అమ్మాయి తరగతికి ఆ టీచరమ్మనే మళ్లీ వేయండి."

పెద్దమేడమ్ కళ్లద్దాలు తీసింది. "టీచరుకి ఏమీ తెలీదని రాసిచ్చింది మీరే కదండీ! అప్పుడూ మీరే, ఇప్పుడూ మీరేనా?"

"నేనేనండీ," అన్నాడు దర్జీ. తల దించుకుని టేపును వేలికి చుట్టుకుంటున్నాడు. "ఈ మాస్టారు మంచాయనే. ఏదడిగినా ఠక్కున చెప్పేస్తారట. అన్నీ తెలుసండీ ఆయనకి." వేలికి చుట్టిన టేపు విప్పాడు. "మా పిల్ల ఇంటికొచ్చి ఏమీ అడగడం లేదండీ. మిషను పక్కన ఊరికే కూర్చుంటోంది. అది అలా నోరు మూసుకుని కూర్చుంటే నాకు కుట్టు సాగడం లేదు."

పెద్దమేడమ్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుంది. ఆ తర్వాత నాకేసి తిరిగి, "మీ వదిన్ని ఒకసారి పిలవండి," అంది. నేను చేతిలో కాగితాలు అక్కడే వదిలేసి లైబ్రరీకి పరిగెత్తాను.