నీళ్ళ ట్యాంకు పక్కన డాంగిల్

ఆ రోజుల్లో ఇంటర్నెట్‌కి ఒక చోటంటూ ఉండేది. ఇప్పటిలా మనం కూర్చున్న చోటికి అది రాదు, అది ఉన్న చోటికి మనమే వెళ్ళాలి. కొందరి ఇళ్ళలో అది వీధి కిటికీలో ఉండేది, కొందరి ఇళ్ళలో పెరటి గుమ్మం దగ్గర ఉండేది. కూచిపూడిలో మా పెద్దమ్మ ఇంట్లో మాత్రం డాబా మీద, నీళ్ళ ట్యాంకుకి తూర్పు పక్కన, మూరెడు స్థలంలో ఉండేది. అక్కణ్ణుంచి కాస్త ఇటు జరిగినా లేదు, అటు జరిగినా లేదు. ఆ మూరెడు స్థలంలో దొరికే ఇంటర్నెట్‌ని మెట్ల మీదుగా కింద హాల్లోకి దింపడానికి నేను పడ్డ పాట్లూ, ఆ పాట్లలో నన్ను ఎవరెవరు ఏమేం అన్నారన్నదీ అంతా నాకు గుర్తుంది. (నాకు గుర్తుండనిదంటూ లేదు. మా చిన్నాన్న కూతురి పెళ్ళిలో వరస అంతటికీ బూరెలు వడ్డించి నా విస్తరి ఒక్కటే దాటి వెళ్ళిపోయిన మనిషి ఇవాళ బజార్లో ఎదురుపడినా పోల్చుకోగలను.)

అప్పుడు నేను బెజవాడ గవర్నర్‌పేటలో ఒక కంప్యూటర్ల దుకాణంలో కొత్తగా చేరాను. మా యజమానికి నేను పెట్టుకున్న పేరు వారంటీగారు. ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా ఆయన మొదట అడిగేది ‘వారంటీ ఉందాండీ?’ అనే. ఆ దుకాణం వెనక గదిలో, పాత కీబోర్డుల కుప్ప కింద నాకొక రౌటర్ దొరికింది. వచ్చిన ఇంటర్నెట్‌ని ఇల్లంతా గాలిలో పంచిపెట్టే డబ్బా అది. దాని వెనక డాంగిల్ పట్టేంత రంధ్రం ఒకటుంది. డాంగిల్ అంటే ఇప్పటివాళ్ళకి తెలియకపోవచ్చు. బొటనవేలంత ఉండి, పొట్టలో సిమ్ కార్డు పెట్టుకుని, ల్యాప్‌టాప్‌కి గుచ్చితే సెల్‌ఫోన్ టవర్ నుంచి ఇంటర్నెట్ లాక్కొచ్చే పరికరం. ఈ రెండింటినీ కలపాలన్న బుద్ధి నాకు పుట్టడానికి కారణం మా పెద్దమ్మ కూతురు, మా అక్క.

అక్క ఊళ్ళో పిల్లలకి నాట్యం నేర్పేది. హైదరాబాదులో ఒక నాట్య పాఠశాలవాళ్ళు గురువు ఉద్యోగానికి మనుషుల్ని పిలిచారు. పరీక్ష చేసేవాళ్ళు తలా ఒక ఊళ్ళో ఉండడంతో మొదటి వడపోత వీడియోలోనే అన్నారు. అక్కకి ఆ ఏడాది తప్పితే వయసు దాటిపోతుంది. బెజవాడ వచ్చి చెయ్యమందామంటే నా గదిలో మనిషి చేతులు బారజాపితే రెండు గోడలూ తగుల్తాయి. పైగా నట్టువాంగం వేసే గురువుగారు పెద్దవారు, ఊరు కదలలేరు. ఆయన తాళం లేకుండా అక్క అడుగు వెయ్యదు. ఇంటికి ఉన్న ఫోన్ తీగ రోడ్డు వెడల్పు చేసినప్పుడు తెగిపోయింది. (దాని మీద నేను పెట్టిన ఫిర్యాదులు వేరే కథ. ఆ కథ ఇంకా ముగియలేదు కాబట్టి రాయను.) మిగిలింది డాబా మీది మూరెడు స్థలం. గురువుగారు ఆ మెట్లెక్కలేరు కనక నాట్యం కింద హాల్లోనే జరగాలి. పొడుగు తీగ కొని డాంగిల్‌ని పైన పెట్టి ల్యాప్‌టాప్‌ని కింద పెట్టి చూశాను. తీగ సగం మెట్లు కూడా దిగకముందే డాంగిల్ ఊపిరి వదిలేసింది. కనక డాంగిల్ పైనే ఉండాలి, దానికి రౌటర్ తోడుండాలి, రౌటర్ గాలిలోంచి కిందికి పంపాలి.

“నీ వల్ల అవుతుందంటావా?” అంది అక్క.

“అవుతుందా ఏంటక్కా, అయిపోయినట్టే అనుకో,” అన్నాను. ఆ మాట అన్నప్పుడు నాకు ఆ పని ఎలా చేస్తారో ఓనమాలు కూడా తెలియవు.

డాంగిల్ అమ్మినవాళ్ళకి ఫోన్ చేశాను. “మా డాంగిల్ కంప్యూటర్‌కి మాత్రమే సార్,” అన్నాడు అవతలి అబ్బాయి. రౌటర్ కూడా ఒక చిన్న కంప్యూటరే కదా బాబూ అంటే, “మీరు లైన్లోనే ఉండండి సార్,” అని పాట పెట్టి వెళ్ళిపోయాడు. నా లెక్కలో నేనింకా ఆ లైన్లోనే ఉన్నాను. వారంటీగారిని అడిగితే డబ్బాని తిప్పి చూసి, “దీనికి వారంటీ లేదు కదా, ఏమైనా చేసుకోవయ్యా,” అన్నారు. ఆయన నోటి నుంచి నాకు వచ్చిన అనుమతి అదొక్కటే.

అప్పుడే తెలిసింది, ఇలాంటి డబ్బాల్లో కంపెనీవాళ్ళు పెట్టినది తీసేసి వేసుకోడానికి ఒక ఉచిత సిస్టం ఉందని. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి, లోపలి రాతంతా అందరికీ చూపించి, చేతనైతే మీరూ బాగుచెయ్యండి అని వదిలేసినది. అతి తేలికది. మా దుకాణం కంప్యూటర్లో ఒక ఫొటో ఆక్రమించే చోట్లో అది మొత్తం పట్టేది. దాన్ని ఎక్కించాను, రౌటర్ లేచింది, డాంగిల్ గుచ్చాను. ఏమీ జరగలేదు. ఆ సిస్టం రాసేవాళ్ళందరూ ఉత్తరాలు రాసుకునే ఒక ఈమెయిల్ గుంపు ఉంటే అక్కడ అడిగాను. మర్యాదలో లోటు రాకూడదని ‘గౌరవనీయులైన అయ్యగారికి’ అని మొదలుపెట్టి, వారి క్షేమం విచారించి, మా పెద్దమ్మ ఇంటి డాబా గురించి నాలుగు పేరాలు రాసి, చివర్లో ప్రశ్న వేశాను. ఆ గుంపుకి పెద్ద తలకాయ లాంటి ఒక పరదేశపు ఆయన జవాబిచ్చాడు. రెండే వాక్యాలు. ‘ఇది తేలిక సిస్టం. రౌటర్‌కి డాంగిల్ ఎవరికీ అక్కర్లేదు.’ ఎవరికీ! అంటే నేనూ, మా అక్కా, గురువుగారూ ఎవరం? ఆ క్షణం నుంచీ ఆయన నాకు తేలికాయన అయ్యాడు. అంతదాకా ఆ పని అక్క కోసం చేస్తున్నాను. ఆ తర్వాత సగం అక్క కోసం, సగం ఆయన కోసం.

ఆదివారం వచ్చిందంటే డబ్బా సంచిలో పెట్టుకుని బస్సెక్కేవాణ్ణి. ఉయ్యూరు దగ్గర చెరకు లోడుల వెనక బస్సు పాకుతూ ఉంటే, ఒళ్ళో రౌటర్ పెట్టుకుని, ఈ డాంగిల్ ల్యాప్‌టాప్‌తో మాట్లాడే మాట రౌటర్‌తో ఎందుకు మాట్లాడదు అని ఆలోచించేవాణ్ణి. కోపం సంగతి పక్కన పెడితే, నిజానికి అది నన్ను పట్టుకున్న విధం వేరు. అన్నం తింటున్నా అదే, స్నానం చేస్తున్నా అదే. రౌటర్‌ని ‘నీకు ఏం గుచ్చారు?’ అని అడిగితే ‘సీడీ గుచ్చారు’ అని చెప్పేది. సీడీ ఏమిటి? నేను గుచ్చింది డాంగిల్ కదా? రౌటర్‌కి మతి పోయిందనుకున్నాను. డబ్బా మార్చి చూశాను. ఆ రెండోదీ సీడీ అనే అంది.

ఒక ఆదివారం హాల్లో కూర్చుని డాంగిల్‌ని ల్యాప్‌టాప్‌కి గుచ్చడం, తియ్యడం, మళ్ళీ గుచ్చడం చేస్తున్నాను. అక్క గజ్జెలు విప్పుకుంటూ ఉన్నట్టుండి, “ఒరేయ్, అది మూడు సార్లు మోగుతోందేంట్రా?” అంది.

“ఏది?”

“నీ ల్యాప్‌టాపురా. పెట్టగానే ఒకసారి మోగింది. కాసేపాగి మోగిన రెండోది వేరే. నువ్వు తీసేసినప్పుడు మోగుతుంది చూడూ, ఆ మోత. వెంటనే మళ్ళీ మొదటిదే. నువ్వు తియ్యకుండానే అది వెళ్ళి మళ్ళీ వస్తోంది.”

“నీ చెవులు మండా, నిజమా?”

“తాళం వినే చెవులురా ఇవి. మళ్ళీ పెట్టు.”

పెట్టాను. వచ్చింది, వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. అన్నాళ్ళుగా నా చెవి పక్కనే మోగుతున్నా నేను ఒకటే మోత విన్నాను. ఆ మోతల వెనకే పడి తవ్వితే గుట్టంతా బయటపడింది. డాంగిల్ ముందు సీడీ వేషంలో వస్తుంది, ఎందుకంటే తనతో పనిచేయించుకోడానికి కావలసిన సామాను ల్యాప్‌టాప్‌కి అందివ్వాలి కనక. ఆ సామాను అందుకున్న ల్యాప్‌టాప్ ‘ఇక సీడీ తీసేయ్’ అని ఒక ఆజ్ఞ ఇస్తుంది. అప్పుడు డాంగిల్ తెర వెనక్కి వెళ్ళి, వేషం మార్చుకుని, డాంగిల్‌గా వస్తుంది. మా రౌటర్‌కి ఆ ఒక్క ఆజ్ఞ ఇవ్వడం తెలియదు. సీడీ వచ్చిందని మర్యాదగా కూర్చోబెట్టి అలాగే చూస్తూ ఉంది. ఆ ఆజ్ఞ నేర్పాను. తర్వాత టవర్‌కి డయల్ చెయ్యడం నేర్పాను. లైన్ తెగితే మళ్ళీ డయల్ చెయ్యమన్నాను, అదీ తెగితే మళ్ళీ, ఎన్నిసార్లు తెగితే అన్నిసార్లు. డాబా మీద డబ్బాకి నీలం దీపం వెలిగి, కింద హాల్లో ల్యాప్‌టాప్‌లో పేజీ తెరుచుకున్నప్పుడు అక్క నా వీపు మీద చరిచిన చరుపు ఇంకా చుర్రుమంటూనే ఉంది.

రాసినదంతా గుంపుకి పంపాను, ఈసారి క్షేమం విచారించకుండా. తేలికాయన రెండు తప్పులు పట్టాడు. బరువెక్కువ, అందరి నెత్తినా పెట్టలేం అన్నాడు. రెండోది, ‘లైన్ తెగితే ఎప్పటికీ ప్రయత్నిస్తూనే ఉండాలా? మూడు సార్లు చాలు’ అన్నాడు. మొదటిది ఒప్పుకుని, కావలసినవాళ్ళే ఎక్కించుకునేలా విడిగా మూట కట్టాను. రెండోది ఒప్పుకోలేదు. మూడు సార్లు అడిగి ఊరుకునే మనిషినైతే నేను ఇక్కడిదాకా వచ్చేవాణ్ణే కాను. అదే రాశాను. జవాబు లేదు.

పరీక్ష రోజు వచ్చింది. డాబా మీద ప్లాస్టిక్ స్టూలు, దాని మీద డబ్బా, డబ్బాకి డాంగిల్, దీపం నీలం. కింద హాల్లో కిటికీ దగ్గర ల్యాప్‌టాప్, దాని పక్కన నేను. గోడవారగా గురువుగారు తాళాలు పట్టుకుని కూర్చున్నారు. అక్క ఇత్తడి పళ్ళెం అంచుల మీద పాదాలు పెట్టి తరంగం అందుకుంది. తెర మీద మూడు గడుల్లో ముగ్గురు పెద్దలు చూస్తున్నారు. పళ్ళెం కదలడం మొదలయ్యాక మధ్యలో ఉన్నావిడ కాఫీ కప్పు పెదవుల దాకా తీసుకొచ్చి అలాగే ఆగిపోయారు. ఆహా, ఎంత ముగ్ధురాలైందో అనుకున్నాను. మిగతా ఇద్దరూ కూడా రెప్ప వెయ్యడం లేదు. అంత నాట్యమూ చేస్తోందా మా అక్క అని గర్వపడ్డాను. కప్పు అంతసేపు గాలిలో ఎవరూ పట్టుకోలేరని అప్పుడు తట్టింది. లైన్ తెగింది.

చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లెక్కాను. పైన పెద్దమ్మ వడియాలు ఎండబెట్టుకుని, కాకుల్ని తోలడానికి కర్ర పుచ్చుకుని నీడన కూర్చుని ఉంది. స్టూలు మీద డబ్బా లేదు. డబ్బా ఉన్నచోట పులుసు కాచే పెద్ద స్టీలు గిన్నె బోర్లించి ఉంది.

“ఎండకి మాడిపోతోంది నాయనా పాపం. పొద్దుట్నించీ దానికి చిన్న నీడ కూడా లేదు. నేనే మూశాను,” అంది పెద్దమ్మ, మెచ్చుకుంటాననుకుని.

స్టీలు గిన్నె కిందికి టవర్ ఎలా వస్తుందో ఆవిడకి చెప్పే వ్యవధి లేదు. గిన్నె పట్టుకుంటే వేళ్ళు కాలాయి. పంచె కొంగుతో పట్టుకుని తీశాను. దీపం ఎర్రగా ఉంది. చేసేదేం లేదు. డబ్బా డయల్ చేస్తోంది, తెగుతోంది, చేస్తోంది, తెగుతోంది. మూడు సార్లు ఎప్పుడో దాటిపోయాయి. “ఏంటి నాయనా దాన్ని అలా చూస్తావ్? కరుస్తుందా?” అంటోంది పెద్దమ్మ. కింద నుంచి గురువుగారి తాళం, పళ్ళెం నేల మీద రాసుకునే చప్పుడూ వినిపిస్తున్నాయి. వాళ్ళెవరికీ తెలియదు. గురువుగారికి ల్యాప్‌టాప్ వైపు చూసే అలవాటు లేదు, అక్కకి కిటికీ ఎదురెండలో తెర కనిపించదు. నాకొక్కడికే తెలుసు. ఆ ఎర్రదీపం ముందు నేను మొక్కని దేవుడు లేడు. అది ఒకసారి ఆరింది. మళ్ళీ వెలిగింది. నీలం.

దిగొచ్చేసరికి కాఫీ కప్పు కిందికి దిగి ఉంది. తరంగం ముగిసింది. ఆ కాఫీ ఆవిడే అన్నారు, “అమ్మా, మధ్యలో చాలాసేపు మాకు మీరు కనిపించలేదు.”

అక్క చెమట తుడుచుకుంటూ, “అయ్యో, ఎప్పుడండీ?” అంది.

ఆవిడ నవ్వారు. “మళ్ళీ కనిపించేసరికి అదే పళ్ళెం మీద, అదే నవ్వుతో ఉన్నారు. మేం చూడనప్పుడూ అలాగే చేశారన్నమాట.”

వారం తిరక్కుండానే ఉద్యోగం ఇచ్చినట్టు ఫోన్ వచ్చింది. “వాళ్ళు ముఖ్యంగా ఆ ముక్కే చెప్పార్రా, లైన్ పోయినా ఆగలేదని,” అని అక్క మురిసిపోయింది. నేను లెక్క వేసుకున్నాను. నా రౌటర్ పనిచేసినంతసేపూ అది చేసిన పని ఎవరికీ ఆనలేదు. పనిచెయ్యని ఆ కాసేపటికే ఉద్యోగం వచ్చింది. అది చాలదన్నట్టు పెద్దమ్మ ఇప్పటికీ చుట్టాలందరికీ, “నేను గిన్నె మూయబట్టి కదండీ దానికి ఉద్యోగం!” అని చెప్పుకుంటుంది. చుట్టాలు ఆవిడనే మెచ్చుకుంటారు. ఎవరెవరు మెచ్చుకున్నారో నాకు తెలుసు. తేలికాయనకి ఆ రోజు జరిగినదంతా రాశాను, గిన్నెతో సహా. చాలా రోజులకి ఒక్క మాట వచ్చింది. ‘చేర్చాను.’ బాగుందనీ లేదు, నా పేరూ లేదు.

ఈ మధ్య అదే గుంపు నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఇప్పుడు ఇంటర్నెట్ అందరి జేబుల్లోనూ ఉంది, పాత డాంగిల్ మూటని వాడేవాళ్ళెవరూ కనిపించడం లేదు, తీసేద్దామనుకుంటున్నాం, అభ్యంతరాలుంటే తెలియజేయగలరు అని. జీవితమంతా ఎవరూ అడక్కుండానే అభ్యంతరాలు తెలియజేసిన నాకు, అడిగి మరీ అవకాశం ఇవ్వడం అదే మొదటిసారి. జవాబు రాయడానికి కూర్చుని, రాసేముందు అక్కకి ఫోన్ చేశాను.

“అక్కా, మన డాంగిల్ తీసేస్తున్నారట.”

వెనక పిల్లల అడుగుల చప్పుడు. “ఏ డాంగిల్‌రా? ఉండు, వీళ్ళ తాళం తప్పుతోంది,” అంది.

“ఏం లేదులే. క్లాసు కానివ్వు,” అని పెట్టేశాను. ఉత్తరమూ రాయలేదు. కాలిన వేళ్ళు నోట్లో పెట్టుకుని ఎర్రదీపం ముందు గొంతుక్కూర్చున్న ఆ డాబా మీది కుర్రాడికి ఈ సంగతి తెలిస్తే మాత్రం ఊరుకోడు. తేలికాయన మీద ఒకటీ, అక్క మీద ఒకటీ, అన్నింటికంటే పొడుగ్గా నా మీద ఒకటీ, మూడు ఫిర్యాదులు రాసి మరీ పంపుతాడు.