అడవికి పోయిన చిన్నాయన

మా చిన్నాయన పోయినాడు. నేను కొండ దిగి, బస్సెక్కే ఊర్లో ఫోనుకు సిగ్నలు తగిలినాకనే తెలిసింది. చిన్నమ్మ ఏడుస్తా, "యాడుండావే అమ్మీ? పొద్దున్నే పోయినాడు" అనింది. నేనుండేది ఆయన కోసం పోయిన చోట్నే. పడమటి కనుమల్లో, వయసులో ఉన్నప్పుడు ఆయన చెట్లు కొల్చిన వానడవి కాడ. ఆయనకు చెప్పాల్సిన మాట నోట్లోనే ఉండాది, వినేకి మనిషి లేడు.

ఆయన మా నాయన తమ్ముడు. అనంతపురంలో డిగ్రీ కాలేజీ పిల్లోళ్లకు బాటనీ చెప్పినాడు. ఊరు కుందుర్పి పక్క. వానకు మొగం వాచిన ఊర్లో పుట్టి, వానడవి మీద పరిశోధన చేసేకి పోయినాడు. మా పక్క చేన్లకు పోయేదాన్ని కూడా అడవికి పోయేదనే అంటారు. తొలిసారి బయల్దేరేప్పుడు ఆయన, "అమ్మా, అడవికి పోయొస్తా" అన్నాడంట. మా అవ్వ సంగటి ముద్దలు, ఇంత ఊరిబిండి గుడ్డలో కట్టిచ్చి, "పొద్దు గుంకేలోపల రాప్పా, వచ్చేటప్పుడు ఇన్ని పుల్లలు ఏరుకోని రా" అనిందంట. ఆయన తిరిగొచ్చింది వానాకాలం అయిపోయినాక. అవ్వ వాకిట్లోనే నిలబెట్టి, "పుల్లలేవిరా?" అని అడిగింది. ఈ కత చెప్పేటప్పుడు మాకంటే ముందు ఆయనే నగేటోడు.

నాకు చెట్ల పిచ్చి అంటించింది కూడా ఆయనే. ఇప్పుడు గోరంట్లలో బడి పిల్లోళ్లకు సైన్సు చెప్తాండానంటే అది ఆయన చలవే. సెలవుల్లో స్కూటర్ మీద శింగనమల చెరువు కాడికి పిల్చకపోయేటోడు. నీళ్ల పక్కన తుంగ, రవ్వంత పైకెక్కితే తంగేడు. "చూడమ్మీ, ఇంత దగ్గర్లో చెట్లు మారినాయంటే అది నీళ్ల పని, నేల పని. వానడవిలో కూడా అంతే. వాగు పక్కన ఒక జాతి, గట్టు మీద ఇంగో జాతి. అయితే ఒగోసారి అదే నేల, అదే వాన, అయినా ఈ లోయలో ఉండే చెట్టు ఆ లోయలో ఉండదు. అది దూరం పని. విత్తనం ఆడికి చేరలేదు." యాడన్నా ఒక చెట్టు కనపడకపోతే ఆయన అడిగేది ఒకటే మాట, "బతకలేకనా, రాలేకనా?"

ఆ మాట ఇంట్లో కూడా వదిలేటోడు కాదు. పెండ్లికి చుట్టాలెవరన్నా రాకపోయినా అదే, కూరలో ఉప్పు లేకపోయినా అదే. చిన్నమ్మకు ఒళ్లు మండేది. "ఉప్పు డబ్బాలో ఉండాది, లేసి ఏసుకో" అనేది.

కడదాకా ఆయన్ను పీకింది ఒక చెట్టు. దాని పేరు లాటిన్లో ఉండాది, నాకు నోరు తిరగదు. నిమ్మకాయంత విత్తనం. గాలికి ఎగరదు, చిన్న పిట్టల గొంతులో పట్టదు. ఒక లోయ నిండా ఆ చెట్లే. నడాన గడ్డిగుట్ట దాటి అవతలి లోయలోకి దిగితే ఒక్కటీ లేదు. ఆఖరుసారి పోయినప్పుడు ఆయన ఫారెస్టోళ్లను అడిగి, పచ్చి విత్తనాలు మోసకపోయి ఆ అవతలి లోయలో నాటి వచ్చినాడు. మొలిచి నిలబడితే దూరమే కారణం. లేకుంటే నేలే ఒప్పలేదని. మళ్లా పోయి చూసేలోపల కిడ్నీలు చెడిపోయినాయి. డయాలసిస్ మొదలాయె. కొండ సంగతి దేవుడెరుగు, ఇంటి మెట్లు దిగేదే కష్టమాయె.

"అవి మొలిస్తే ఏం, మొలవకుంటే ఏం చిన్నాయనా, ఊరికే మనసు కష్టపెట్టుకోవద్దు" అంటి ఒకనాడు. ఆయన మంచం మీద పక్కకు తిరిగి నన్ను చూసినాడు.

"ఇన్నేండ్లు దూరం, దూరం అని పిల్లోళ్లకు చెప్పినా అమ్మీ. తప్పు చెప్పినానేమో తెలుసుకోకుండానే పోవాల్నా?"

దసరా సెలవులు ఇస్తానే బయల్దేరినా.

జలగలతో కరిపించుకుంటా గడ్డిగుట్ట దాటి దిగినా. ఆయన గుర్తుకు పాతిన కర్రల పక్కనే, నా మోకాలెత్తున మొక్కలు, ఎర్రటి చిగురేసుకోని ఉండాయి. కొన్ని పోయినాయి, శానా నిలిచినాయి. ఆడనే కూర్చోని ఏడ్చినా. అప్పటికి అది సంతోషమే. ఫోటోలు తీసుకోని, సిగ్నలు ఎప్పుడొస్తాదా అని ఫోను చేతిలో పట్టుకోనే దిగినా.

బస్సులు మారి మారి ఊరు చేరేసరికి పాడె లేపుతాండారు. ఆడోళ్లు వీధి చివర్నే ఆగిపోవల్ల. నేను ఆగలేదు, ఎవరూ ఏమీ అనలేదు. దింపుడు కల్లం కాడ పాడె దించినారు. ఊపిరుంటే పలుకుతాడేమోనని, పోయిన మనిషి చెవిలో అయినోళ్లు పిలిచే చోటు అది. ఆయన కొడుకు వంగి, "నాయనా, నాయనా, నాయనా" అని పిలిచినాడు. వాడు లేసినాక నేను ఇవతల వంగినా. "చిన్నాయనా, మొలిచినాయి" అంటి.

తమ్ముడు అవతల నుంచే నా భుజం మీద చెయ్యేసినాడు. "ఈ మధ్య నాయనకు ఆ చెవి వినపడేది కాదక్కా. ఈ పక్కకొచ్చి చెప్పు."

కండ్లు తుడుచుకోని పాడె చుట్టూ తిరిగి ఆ పక్కకు పోయినా. మోసేటోళ్లు నలుగురూ ఎండలో నిలబడి, నేను చెప్పేదాకా కాచుకోనుండ్రి.