రిమోట్‌తో ఆపిన టీవీ, ఆగని మీటరు

మంచం దిగకుండానే టీవీని ఆపొచ్చన్న సంగతి మిర్యాలగూడలో ఇంకా వింతగా ఉన్న కాలమది. తొంభైలు అప్పుడే మొదలయ్యాయి. రిమోట్‌కు ప్లాస్టిక్ కవరు తొడిగి, పిల్లల చేతికి అందకుండా అల్మారాలో దాచేవాళ్లు. మీట నొక్కగానే బొమ్మ పోయి, టీవీ కింద ఒక ఎర్ర చుక్క మిగిలేది. బొమ్మ పోయాక ఆ చుక్క ఎందుకుండాలని మాలో ఎవరికీ అనుమానం రాలేదు. అందరికంటే ముందు నాకు రావాల్సింది, ఎందుకంటే నేను ఎనిమిదో తరగతికి విద్యుత్తు పాఠం చెప్పేదాన్ని (బోర్డు మీద బల్బూ బ్యాటరీ చక్కగా గీసేదాన్ని, ఇంట్లో ఫ్యూజు పోతే మాత్రం పక్కింటివాళ్లను పిలిచేదాన్ని).

మాది మునగాల దగ్గర పల్లె. డిగ్రీ కాగానే మిర్యాలగూడలో ఒక ప్రైవేటు బడిలో ఉద్యోగం దొరికితే, నాన్న ఒకే షరతు మీద పంపాడు. "నీ మీద ఒక్క మాటొచ్చినా సంచి సదురుకొని ఇంటికి రావాలె బిడ్డా, మల్ల నౌకరి ముచ్చట ఎత్తొద్దు." నేను కిరాయికి దిగింది ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ ఇంట్లో. పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ముందు గదులు ఆమెవి, వెనక గది నాది, ఇద్దరికీ మీటరు ఒక్కటే. కరెంటు కిరాయిలోనే కలిసి ఉంది కాబట్టి ఒక బల్బు, ఒక ఫ్యాను తప్ప ఏమీ వాడనని మాటిచ్చాను. ఆ ఇంట్లోకి నేనూ, పెద్దమ్మ కలర్ టీవీ ఇంచుమించు ఒకేసారి అడుగుపెట్టాం. ఇంట్లో అన్నీ ఆపినా మీటరులో చక్రం మెల్లగా తిరుగుతూనే ఉందని బయటపడ్డప్పుడు, అనుమానం మాత్రం టీవీని వదిలేసి నా మీదికే వచ్చింది.

దాన్ని కనిపెట్టింది పెద్దమ్మ తమ్ముడు. ఆయనకు ఎరువుల దుకాణం ఉండేది. బస్తాలు పెట్టుకోవడానికి నా గది కావాలని ఎప్పటినుంచో అడుగుతున్నాడు, అందుకే ఆయనకు గోదాం మామ అని నేనే పేరు పెట్టాను. "అక్కా, గా పిల్ల రూంల హీటరో గీటరో ఉన్నది. ఖాళీ చేపియ్యి," అన్నాడు. పెద్దమ్మ "సూద్దాం తియ్" అని ఊరుకుంది కానీ నేనే రోషం కొద్దీ నా ట్రంకుపెట్టె ఆయన ముందుకు లాగి తెరిచాను. బట్టల కింద హీటరు దొరకలేదు. అమ్మ పంపిన సకినాల డబ్బా దొరికింది. ఎవరికీ పెట్టాల్సి రాకుండా అంత అడుగున దాచుకున్నందుకు నా ముఖం ఎర్రబడింది. పెద్దమ్మ ఒక సకినం విరిచి నోట్లో వేసుకుని, "ఈ హీటరు మంచిగున్నది బిడ్డా," అంది.

గోదాం మామ నవ్వలేదు. నేను దొంగచాటుగా కరెంటు కాలుస్తున్నానని, మా ఊరి వైపు పోయే లారీ డ్రైవరుతో నాన్నకు కబురు పంపాడు. ఆ ఆదివారమే నాన్న కోదాడలో బస్సు మారి, నేరేడుచర్ల మీదుగా దిగబడ్డాడు. ముఖం చూస్తేనే తెలిసింది, నన్ను తీసుకుపోవడానికే వచ్చాడని. నేను లోపలికి పోయి సంచిలో చీరలు కుక్కడం మొదలుపెట్టాను. కళ్లనీళ్లకు ఏ చీర ఏదో కనపడలేదు.

ముందు గదిలో పెద్దమ్మా, గోదాం మామా నాన్నను టీవీ పక్కనున్న కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ పక్కనే టీవీకి కరెంటిచ్చే స్టెబిలైజరు డబ్బా, దాని మీద పెద్దమ్మ పిల్లి. చలికాలమంతా దాని కాపురం అక్కడే. నాన్న తువ్వాల పెట్టుకోవడానికి పిల్లిని దించి, డబ్బా మీద చెయ్యి వేసి ఆగిపోయాడు.

"టీవీ ఇప్పుడే బంద్ చేసిన్రా అమ్మా? డబ్బా కాగుతాంది."

"రాత్రి బంద్ జేసిన అన్నా, మల్ల పెట్టనే లేదు," అంది పెద్దమ్మ. తర్వాత తనే డబ్బా ముట్టుకుంది. ఎర్ర చుక్కను చూసింది. గోడ దగ్గరికి పోయి అక్కడి స్విచ్చి ఆపింది. చుక్క ఆరిపోయింది. "బిడ్డా, మీటరు సూడుపో," అని కేకేసింది. నేను సంచి వదిలేసి వరండాలోకి పరుగెత్తాను. చక్రం మీది నల్ల గీత ఎక్కడిదక్కడే నిలబడి ఉంది. ఎంతసేపు చూసినా కదల్లేదు.

ఆ క్షణంలో పెద్దమ్మ నోరు మెదపకపోతే నాకు తప్ప ఎవరికీ ఏమీ తెలిసేది కాదు, నా మాట నమ్మేవాళ్లూ లేరు. డబ్బాకూ మీటరుకూ సంబంధముందని నాన్నకు తోచలేదు, గోదాం మామకు తోచినా చెప్పడు. ఆమె నాన్న ఎదురుగా నిలబడి, "తప్పు నాదన్నా. కరెంటు తిన్నది నా టీవీ. రిమోట్ నొక్కితె ఆగిందనుకున్న. నీ బిడ్డెను ఉత్తగ బద్నాం జేసినం. తీస్కపోకు," అంది. తమ్ముడి వైపు తిరిగి, "నీ బస్తాలకు వేరే జాగ సూస్కో," అంది. అక్కడితో ఆగక సాయంత్రానికి వాడలో ప్రతి గడపకూ తన టీవీ కథ తనే చెప్పి నవ్వించింది. కిరాయికున్న పిల్ల పేరు నిలబెట్టడానికి తన పేరు నవ్వులపాలు చేసుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. నాన్న ఒంటరిగానే బస్సెక్కాడు. ఎక్కేముందు, "గామెను ఇడిసిపెట్టకు," అని మాత్రం అన్నాడు. ఆ మాట వల్లే ఉద్యోగం నిలిచింది, ఆ తర్వాత నా బతుకంతా ఆ ఉద్యోగం మీదే నిలిచింది.

మర్నాడు తరగతిలో నేనేం చేశానో చెప్పాలి. చాక్‌పీసు పట్టుకుని, "టీవీ ఆపినా కరెంటు ఎందుకు తింటుందో తెలుసా?" అని గంటంతా ఊదరగొట్టాను, ఏదో ప్రయోగశాలలో నేనే కనిపెట్టినంత ధీమాగా. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. నిన్న ఏడ్చిన కళ్ల వాపు ఇంకా తగ్గనైనా లేదు. ఆనాటి నేననే ఆ పిల్ల ఇప్పుడు ఎదురైతే చెవి మెలిపెట్టాలనిపించదు. పక్కన కూర్చోబెట్టుకుని, పాఠం బాగానే చెప్పావు గానీ, మీ నాన్న చెయ్యి గురించీ, మీ పెద్దమ్మ నోటి గురించీ కూడా ఒక ముక్క చెప్పాల్సింది అనాలనిపిస్తుంది.