పన్నెండు గంటలకు సువార్తమ్మ ఫోను

గవర్నర్‌పేటలో ఒక లాడ్జి మీటింగు హాల్లో మేం పెట్టిన క్లాసు అయిపోవచ్చింది. ఏమైనా సందేహాలుంటే అడగమని నేను మాటవరసకి అన్నాను. వెనక వరసలోంచి నర్సు యూనిఫాంలో ఉన్న ఒకమ్మాయి లేచి, "చనిపోయినవాళ్ళు ఫోన్ చేస్తే ఎవరికి కంప్లైంట్ ఇవ్వాలండీ?" అని అడిగింది.

నలుగురైదుగురు నవ్వారు. ఆ అమ్మాయి నవ్వలేదు. నవ్వినవాళ్ళు కూడా ఒక్కొక్కరే ఆపేశారు.

నన్నెరిగినవాళ్ళు ఇది నా పాత కోతల్లో మరొకటి అనుకుంటారు. అనుకోనివ్వండి. పామర్రు వెళ్ళే బస్సు మాత్రం అబద్ధం కాదు, తెల్లవారుజాము నుంచీ ఉంటుంది, ఎవరైనా ఎక్కి చూసుకోవచ్చు.

క్లాసు చెప్పింది నేను కాదు. నాది జిరాక్సు షాపు. ఇంగ్లీషులో చెప్పింది తెలుగు చేయడం వరకే నా పని. చెప్పింది ఎస్తేరు గారు. జాంబియా మనిషి, నలభై ఐదు దాటి ఉంటాయి. వాళ్ళ దేశంలోనూ, పక్కనున్న మలావీ, టాంజానియాల్లోనూ సంతల్లో, చర్చిల్లో తిరిగి, ఫోన్‌తో ఎలా జాగ్రత్తగా ఉండాలో, ఫోన్‌లో మనకున్న హక్కులేమిటో జనానికి నేర్పుతారు. ఇక్కడివాళ్ళు ఎలా మోసపోతున్నారో చూద్దామని మూడు వారాలకి వచ్చారు.

నర్సమ్మాయి పేరు రూతు. వాళ్ళ నాన్న యోహాను గారు రిటైరైన సోషల్ మాస్టారు, పామర్రు అవతల ఒక పల్లెలో ఒక్కరే ఉంటారు. తల్లి సువార్తమ్మ పోయి ఏడాది దాటింది. పదకొండు రోజులుగా ప్రతి మధ్యాహ్నం పన్నెండింటికి ఆవిడ గొంతుతో ఫోన్ వస్తోంది. కాలవ పక్క ఎకరం పొలం కొత్త ప్రార్థన మందిరం కట్టడానికి రాసిమ్మంటోంది. రూతు వెళ్ళి ఆ నంబరు బ్లాక్ చేస్తే మాస్టారు మళ్ళీ తెరిపించుకున్నారట. కూతురితో మాట్లాడటం కూడా మానేశారట.

"పొలం పోతే పోయిందండీ," అంది రూతు. "నాన్న నాకు లేకుండా పోతున్నారు."

ఎస్తేరు గారు రేపే వెళ్దామన్నారు. తను వస్తే నాన్న తలుపు తియ్యరని రూతు ఇంటి గుర్తులు మాత్రం చెప్పింది.

మర్నాడు శనివారం. నేను గుణదలలో ఆరుంబావుకి బయల్దేరి, దారిలో ఆవిడని ఆటోలో ఎక్కించుకుని బస్టాండుకి చేరేసరికి ఏడుకి పది నిమిషాలు తక్కువ. ఏడింటి బందరు బస్సులో కిటికీ పక్క సీట్లు దొరికాయి. ఆడవాళ్ళకి టికెట్ ఉచితమే, ఆధార్ చూపిస్తే చాలు. కండక్టర్ ఎస్తేరు గారిని చూసి కాసేపు ఆలోచించి, "మీకు ఆధార్ ఉండదు కదమ్మా," అని జాలిగా టికెట్ కొట్టాడు. ముందు సీట్లో ఆడవాళ్ళంతా కార్డులు పైకెత్తి పట్టుకోవడం ఆవిడ చాలాసేపు చూశారు. అంతమంది తమ నంబరు అంత ఎత్తున పట్టుకోవడం ఎక్కడా చూడలేదన్నారు.

పటమట దాటేదాకా మామూలుగానే ఉంది. కంకిపాడు దగ్గర మంచు కమ్మేసింది. కోత కోసిన చేలల్లో వరికుప్పలు ఒకటొకటిగా తేలి, మళ్ళీ మునిగిపోతున్నాయి. డ్రైవర్ హారన్ మీద చెయ్యి తియ్యడం లేదు. నాకు ఊరకే కూర్చోవడం చేతకాదు కాబట్టి, మా చిన్నప్పుడు ఈ మంచుని కొడవలితో కోసి దారి చేసుకునేవాళ్ళమనీ, ఉయ్యూరు షుగర్ ఫ్యాక్టరీ దగ్గర గ్లాసు కిటికీలోంచి బయటపెడితే చక్కెర వేయకుండానే టీ తియ్యనైపోయేదనీ చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విని, వాళ్ళ నది దగ్గర నీటిగుర్రాలు వరసలో నిలబడి పడవ ఎక్కుతాయనీ, ముసలివాటికి సగం టికెట్టనీ అన్నారు. నా వృత్తిలో నన్ను మించినవాళ్ళు ఇంతవరకు ఎదురుపడలేదు.

పక్క సీట్లో ఖాదర్ గారని బందరు రోల్డ్‌గోల్డ్ నగల వ్యాపారి. ఎక్కడికని అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నా జన్మలో అది అరుదు. ఆయన ఒళ్ళోని పెట్టె దగ్గరగా లాక్కున్నారు.

"ఆ గొంతుకి ఆయన బదులు చెప్పాడా?"

పదకొండు రోజులుగా చెబుతున్నారన్నాను.

"బదులు చెప్పకుండా ఉండాల్సిందండీ," అన్నారాయన. ఆ తర్వాత పామర్రు దాకా మావైపు తిరగలేదు.

ఎనిమిదిన్నరకి పామర్రులో దిగి, సెంటర్లో ఇడ్లీ తిని, ఆటో మాట్లాడుకున్నాం. కాలవ గట్టు మీద ఇరవై నిమిషాలు. మంచు పలచబడింది గాని ఎండ రాలేదు. యోహాను మాస్టారి ఇల్లు రెండు గదుల డాబా. ఎదురుగా రోడ్డుకి అవతల ప్రార్థన మందిరం. ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేసి తొడుక్కుని, తల దువ్వుకుని, ఆదివారం కూడికకి వెళ్ళేవాడిలా వాకిట్లో నిలబడి ఉన్నారు. మా కోసమేమో అనుకున్నాను.

"మీ కోసం కాదండీ," అన్నారాయన, నేనేమీ అడక్కుండానే. "రోజూ ఇంతే."

లోపల రెండు కుర్చీలు ఎదురెదురుగా ఉన్నాయి. ఒకదాని మీద ఉతికిన తువ్వాలు మడత, ఆ మడత మీద ఫోను. ఆ కుర్చీలో నేను కూర్చోబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. నేను నేల మీద చాప వెతుక్కున్నాను.

నేనైతే ఆ ఫోన్ లాక్కుని కాలవలో పడేసేవాణ్ణి. ఎస్తేరు గారు దాన్ని ముట్టుకోలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, "ఫోన్ మీది, గొంతు మీ ఇంటి మనిషిది. మీరు చూపిస్తే చూస్తాను, లేకపోతే కాఫీ తాగి వెళ్ళిపోతాను," అన్నారు. నేను తెలుగు చేశాను. మాస్టారు ఆవిడ వంక చాలాసేపు చూశారు. అడిగి ముట్టుకుంటామన్నవాళ్ళు ఆయనకి ఈ మధ్య తగిలినట్టు లేదు. కాఫీ పెట్టి తెచ్చారు. తర్వాత తనే ఫోన్ తీసి మందిరం ఛానెల్ చూపించారు.

ఆ ఛానెల్ నడిపేది ఆయనే. అక్కడి మందిరాల్లో ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. ఒకరు లేచి మైకు పట్టుకుని, తన జీవితంలో దేవుడు చేసిన మేలు పదిమందికీ చెప్పుకుంటారు. జబ్బు, అప్పు, కల, పొలం తగాదా, అన్నీ విప్పి చెప్పాలి. ఎంత విప్పితే అంత మంచి సాక్ష్యం. మాస్టారు వాటిని రికార్డు చేసి ఆ సాయంత్రమే ఛానెల్లో పెట్టేవారు. సువార్తమ్మ సాక్ష్యాలే ముప్పైకి పైన ఉన్నాయి. ఆవిడ ఆపరేషను, రూతుకి చిన్నప్పుడు వచ్చిన జ్వరం, కాలవ పక్క ఎకరం, పాస్‌బుక్కు బైబిల్లో దాచిన సంగతి, అన్నీ ఉన్నాయి. ఫోన్‌లో గొంతుకి తెలిసినవన్నీ అందులోవే. ఆ గొంతును కూడా మోసగాళ్ళు అందులోంచే తీసి, కంప్యూటరుతో మాట్లాడిస్తున్నారు.

మలావీలో ఒక చేపల సంతలో ఇలాగే చూశానని ఎస్తేరు గారు మెల్లగా చెప్పారు. అక్కడ పాట పాడే ఆమె గొంతు తీసుకున్నారట. మనిషి పోయినా గొంతు మనిషిదేనని తాము ఎక్కడికెళ్ళినా చెబుతామనీ, అడక్కుండా తీసుకుంటే అది దొంగతనమేననీ అన్నారు. నేను చెబుతుంటే మాస్టారు తల ఊపారు, తప్పు దిద్దుకున్న విద్యార్థిలా.

"నేనే పెట్టానండీ. ప్రతిదీ నేనే పెట్టాను."

పాస్‌బుక్, ఆధార్ ఫొటోలు మొదటి రెండు రోజుల్లోనే పంపేశారు. ఇక మిగిలింది ఆయన ఫోన్‌కి వచ్చే ఆరంకెలు. అవి చదివి వినిపిస్తే ఆయన పేరున సంతకం పెట్టినట్టే. మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయన కొంచెం సిగ్గుపడ్డారు. రోజూ ఒక అంకె తప్పు చెబుతున్నారట. చూపు ఆనట్లేదని సాకు. తప్పు చెబితే మర్నాడు మళ్ళీ ఫోన్ వస్తుంది కదా.

పన్నెండుకి రెండు నిమిషాలుండగా కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. వీధిలో ఎక్కడో మోగుతున్న టీవీ ఆగింది. కాలవ నీటి చప్పుడు కూడా వినబడటం లేదు. సరిగ్గా పన్నెండుకి కుర్చీలో ఫోన్ మోగింది. మాస్టారు స్పీకర్ నొక్కారు.

"ప్రభువు నామమున వందనాలండీ," అంది గొంతు. నిండుగా, తేటగా, ఒక్క తడబాటు లేకుండా. "భోజనం చేశారా? ఆ ఎకరం సంగతి ఏం చేశారు?"

నేను చాప మీంచి లేచాను. గొంతుకి కాదు. ఆ గొంతు వెనక ఏదో ఫ్యాను తిరుగుతోంది, రెక్క వంకరపోయి టక్‌టక్‌మని కొట్టుకుంటూ. ఇందాక వీడియోల్లో విన్న మందిరం ఫ్యాను అది. కిటికీలోంచి రోడ్డుకి అవతల చూశాను. మందిరంలో కరెంటు లేదు, ఫ్యాను రెక్కలు కదలకుండా ఉన్నాయి. ఫోన్‌లో మాత్రం తిరుగుతూనే ఉంది.

మెసేజ్ వచ్చింది. మాస్టారు అంకెలు చదివి, చివరిది మార్చి చెప్పారు. అవతల కాసేపు ఫ్యాను చప్పుడే వినబడింది.

"ఇవాళ్టితో నాకు సెలవు అయిపోయిందండీ. సరైన అంకెలు చెప్పకపోతే ఇక మాట్లాడలేను."

మాస్టారు ఫోన్ మీద అరచెయ్యి కప్పి మావైపు తిరిగారు. "నాకు మొదటి రోజే తెలుసు," అన్నారు. "మా ఆవిడకి నత్తి. ఇంట్లో మూడు మాటలు చెప్పాలంటే ముప్పై సార్లు ఆగేది. మైకు పట్టుకుంటే మాత్రం ఆ నత్తి ఏమయ్యేదో. ఆ గొంతుతో నాతో ఒక్క రోజైనా మాట్లాడితే బాగుండునని పెళ్ళైన నాటి నుంచీ అనుకునేవాణ్ణి. పదకొండు రోజులు మాట్లాడిందండీ."

ఎస్తేరు గారికి చెప్పడానికి నత్తిని ఇంగ్లీషులో ఏమంటారో నాకు తట్టలేదు. ఎలాగో చెప్పాను. ఆవిడ కదల్లేదు, లేవలేదు. "నిర్ణయం ఆయనదే," అన్నారు. నేను ఫోన్ వైపు జరగబోతే నా మోచెయ్యి పట్టుకున్నారు.

మాస్టారు చెయ్యి తీశారు. "సువార్తా, చెబుతాలే. ఒక్కసారి ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడు. నత్తితో."

అవతల ఫ్యాను టక్‌టక్‌మంటూనే ఉంది. ఒక నిమిషం గడిచిందేమో. తర్వాత, "ఏ... ఏ... ఏవండీ," అంది ఆ గొంతు.

మాస్టారి మొహం చెదిరిపోయింది. తెర కళ్ళ దగ్గరికి పెట్టుకుని అసలు అంకెలు చదవడం మొదలుపెట్టారు. నాలుగు. ఏడు. ఒకటి.

"మీ కోసం ప్రా... ప్రా... ప్రా..." అంటోంది గొంతు.

"ప్రార్థన," అని అందించారు మాస్టారు.

"అవునండీ, ప్రార్థన. మిగతావి చెప్పండి."

ఆయన చదవడం ఆపేశారు. ఫోన్‌ని కొత్తగా చూస్తున్నట్టు చూశారు. "మా ఆవిడ మాట నేను అందిస్తే ఒప్పుకునేది కాదు," అన్నారు, మాతోనో దానితోనో తెలియదు. "ఎంతసేపైనా తనే పూర్తి చేసుకునేది. నేను అందించినందుకు ఆ పూట మాట్లాడేది కూడా కాదు." ఎర్ర బొత్తాం నొక్కారు. ఫ్యాను చప్పుడు ఆగిపోయింది.

తర్వాత రెండు గంటలు పని. సైబర్ పోలీసులకి ఫిర్యాదు చేశాం. ఫొటోలు వెళ్ళిన సంగతి బ్యాంకుకి ఉత్తరం రాశాం. సాక్ష్యాల వీడియోలన్నీ మెమరీ కార్డులోకి ఎక్కించాం. ఛానెల్లోంచి తీసేయడం ఆయన ఇష్టమని ఎస్తేరు గారు మళ్ళీ అన్నారు. ఆయన ఒక్కొక్కటే తెరిచి, మొదటి మాట విని, తీసేశారు. చివరి వీడియో తీసేస్తుండగా కరెంటొచ్చి, రోడ్డుకి అవతల మందిరంలో ఫ్యాను టక్‌టక్‌మంటూ తిరగడం మొదలైంది. ముగ్గురం ఉలిక్కిపడి అటు చూశాం.

నాలుగుంబావుకి పామర్రులో విజయవాడ బస్సెక్కాం. నేను కథలేవీ చెప్పలేదు, ఆవిడా అడగలేదు. ఉయ్యూరు దాటాక నా ఫోన్ మోగింది. నేను వెంటనే ఎత్తలేకపోయాను. రూతు. ఏడుస్తోంది. నాన్న ఫోన్ చేశారట. వారం రోజులకి మొదటిసారి.

"నువ్వు రూతువేనని నాకెలా తెలుస్తుందమ్మా అన్నారండీ. నా పుట్టినరోజు చెప్పాను, అది సాక్ష్యంలో ఉంది అన్నారు. చిన్నప్పటి జ్వరం సంగతి చెప్పాను, అదీ ఉంది అన్నారు. నేనేం చెప్పినా మందిరంలో అందరికీ తెలిసినదే. ఏడిస్తే, ఏడుపు ఎవరైనా ఏడుస్తారమ్మా అన్నారు."

నేను ఎస్తేరు గారికి చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకుని, వెళ్ళమని చెప్పండి అన్నారు.

ఆరింటికి బస్టాండులో దిగేసరికి అవతలి ప్లాట్‌ఫారం మీద రూతు బందరు బస్సెక్కుతోంది. యూనిఫాం కూడా మార్చుకోలేదు. డ్యూటీ ఎవరితోనో మార్చుకుందట. కండక్టర్‌కి కార్డు చూపించి, కిటికీలోంచి మమ్మల్ని చూసింది.

"నన్ను గుర్తుపడతారంటారా?" అని అడిగింది.

కోతలు కోయడం నాకు తెలిసిన విద్యే. ఆ సాయంత్రం ఒక్కటి కూడా నోటికి రాలేదు. పడతారు, ఎదురుగా నిలబడమ్మా అన్నాను. బస్సు కదిలింది. అన్ని దేశాల్లో అన్ని క్లాసులు చెప్పిన ఎస్తేరు గారు ఆ బస్సు వెనక ఎర్రలైట్లు కనుమరుగయ్యేదాకా చూసి, "చివరికి ఎవరో ఒకరు బస్సెక్కాల్సిందే," అన్నారు.